పండిన మందు

“ఆయాసం ఎక్కువైంది బుల్లయ్యన్నా, దాసన్నని కేకెయ్యి!” అని జైతున్‌బీ గోడ మీంచి అరిచింది. బుల్లయ్య సత్తుగిన్నె పట్టుకుని బయల్దేరాడు.

అందులో అతని తప్పేం లేదు. జిన్నింగు మిల్లులో పత్తి నుంచి గింజను విడదీసే యంత్రాల పక్కన సగం జీవితం నిలబడ్డ మనిషి. పని మానేసే నాటికి మిల్లువాళ్ళు పత్తంతా తాము ఉంచుకుని, చెవుల్లో దూరినంత మటుకు అతనికి వదిలేశారు. అప్పటినుంచీ మాటకి తల వినబడదు, తోక వినబడుతుంది. జైతున్‌బీ ‘ఆయాసం’ అంటే అతనికి చేరింది ‘యాసం’. దాని ముందు ‘పా’ తగిలించింది అతని ఆకలి.

పైగా చెవుడున్న మనిషికి గుసగుస చేతకాదు.

“ఒరేయ్ దాసూ! సాహెబు ఇంట్లో పాయసం ఎక్కువైందంటరా! గిన్నె తీసుకురా!” అని నా సైకిల్ షాపు ముందు నిలబడి పొలికేక పెట్టాడు. ఆ కేక ప్రత్తిపాడు బజారు ఆ చివరిదాకా పోయింది. నేను మాత్రం తక్కువ తిన్నానా, పంక్చరు వేస్తున్న ట్యూబు అక్కడే పడేసి చెంబు అందుకున్నాను. మా వెనక ఎదురింటి కొండమ్మ, ఆవిడ వెనక ఆవిడ కోడలు, ఆ వెనక ఇంకెవరెవరో. అందరి చేతుల్లోనూ గిన్నెలే.

లోపల పాయసం లేదు. హుస్సేన్ సాహెబ్ ఉన్నాడు. నులకమంచం మీద ముందుకు వంగి, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, ఒక్కొక్క ఊపిరినీ లోతు బావిలోంచి చేదుకున్నట్టు చేదుకుంటున్నాడు. మెడ నరాలు తాళ్ళలా లేచి ఉన్నాయి. రొమ్ములో పిల్లికూతలు. ఆ ఇంట్లో పిల్లి లేదు. ఆ సంగతి ఎలుకలకు తెలియదు కాబట్టి ఎలుకలూ లేవు.

మేం గిన్నెలు వెనక్కి దాచుకున్నాం. జైతున్‌బీ మమ్మల్ని చూసింది, గిన్నెల్ని చూసింది. ఎందుకు తెచ్చారని అడిగే ఓపిక కూడా లేక మళ్ళీ మొగుడివైపు తిరిగింది.

హుస్సేన్ సాహెబ్‌కి మిరపకాయే బువ్వ, మిరపకాయే జబ్బు. గుంటూరు షావుకారు ఒకాయన తరఫున చుట్టుపక్కల కల్లాలన్నీ తిరిగి, ఆరబోసిన కాయ చూసి ధర కట్టడం ఆయన పని. గుప్పెడు కాయ తీసి ఎండకెత్తి చూస్తే అది ఏ నేల కాయో, ఎన్ని నీళ్ళు తాగిందో, ఎంత ఎండ తిన్నదో చెప్పేవాడు. ఎర్రగా రంగు తిరిగింది ఒక పక్కకి, వెలిసి తెల్లబోయిన తాలుకాయ ఒక పక్కకి. తాలు కనబడితే ఆయన తాళలేడు. “తెల్లకాయ పోసి నాకు తెల్లమొహం పెడదామనుకున్నావంట్రా?” అని రైతు మీదికి లేచేవాడు. కల్లంలో ఆయన మాట కల్ల కాదని పేరు.

ఆ కల్లాల ఘాటే రొమ్ములో దూరి ఉబ్బసమై కూర్చుంది. ఒకప్పుడు దమ్మున్న మనిషి, ఇప్పుడు దమ్ము కోసం దేవులాడుకునే మనిషి. నేనూ ఆయనా గాలి మీద బతికేవాళ్ళమే. నా దగ్గర అది అమ్ముకునేంత ఉంది, ఆయన దగ్గర పీల్చుకునేంత కూడా లేదు.

ఆయన కన్ను మూతపడితే తన కొట్టు మూతపడుతుందని షావుకారికి భయం. అందుకని మద్రాసు నుంచి ఒక సాధనం తెప్పించి ఇచ్చాడు. గాజు బుర్ర, దానికో ముక్కు, వెనకాల ఒక రబ్బరు బంతి. బుర్రలో కాసిని చుక్కల మందు పోసి, ముక్కు నోట్లో పెట్టుకుని, ఊపిరి పీలుస్తూ బంతి నొక్కితే, మందు పొగమంచులా లోపలికి పోతుంది. బిగుసుకున్న ఊపిరి గొట్టాలు వదులవుతాయి. చూడటానికి రిక్షా హారన్‌కి తోడబుట్టినట్టు ఉంటుంది కాబట్టి మా బజారు దానికి హారన్ అని పేరు పెట్టింది. పేరుతో ఊరుకుంటే బాగుండేది. పద్ధతి కూడా హారన్ పద్ధతే పెట్టింది: దారి ఇచ్చేదాకా కొట్టాలి.

ఎలా వాడాలో డాక్టరమ్మ దేవకుమారి గారు మొదట్లోనే చెప్పారు. మా చర్చి పక్కనున్న చిన్న ఆస్పత్రికి ఆవిడొక్కరే డాక్టరు. “ఒక నొక్కు. కాసేపు ఆగి, అవసరమైతేనే ఇంకో నొక్కు. మందు ఈ ముదురు రంగు సీసాలోనే ఉండాలి. ఎండ తగలనివ్వొద్దు” అన్నారు. సాహెబ్ తల ఊపాడు. తల ఊపినంత మాత్రాన అన్నీ తలకెక్కుతాయా?

సరుకు కంటికి కనబడకుండా ఇంట్లో ఉంచుకోవడం ఆయన వల్ల కాదు. ముదురు సీసాలోంచి మందు రంగు తెలియదు. నమూనా చూడకుండా బస్తా కొంటారా ఎవరైనా? ఇంటికి రాగానే మందంతా ఖాళీ అత్తరు సీసాలోకి వంపి, ఎండకెత్తి చూశాడు. నీళ్ళలా ఉంది.

“తాలు సరుకురా దాసూ” అన్నాడు నాతో, దిగులుగా.

కానీ ఆ తాలు సరుకు బ్రహ్మాండంగా పనిచేసింది. ఒక్క నొక్కుకే రొమ్ములో పిల్లి తోక ముడిచింది. కిటికీలో పెట్టిన ఆ సీసా ఎండ తగిలీ తగిలీ లేత గులాబీకి తిరిగింది. తరవాత ఎర్రబడింది. సాహెబ్ మొహం వెలిగిపోయింది.

“చూశావంట్రా? ఇది తాలు కాదు, పచ్చిది! పచ్చిగా ఉండగానే అంత పనిచేస్తే, పండాక ఎంత పనిచెయ్యాలి!”

అప్పటినుంచీ అదొక ఆచారమైంది. గుంటూరు నుంచి కొత్త సీసా రాగానే అత్తరు సీసాలోకి వంపడం, వాకిట్లో ఆరబోసిన మిరపకాయల మధ్య దాన్ని నిలబెట్టడం, రంగు తిరిగాక లోపలికి తీసుకురావడం. దారినపోయేవాళ్ళు కూడా “ఏం సాహెబూ, మందు పండిందా?” అని పలకరించేవాళ్ళు. మిరప పండే నేల మాది. ఎర్రబడితే చెడిపోయిందన్న ఊహ మా బజార్లో ఎవరికి పుడుతుంది? ఎరుపంటే అంత ఎర్రి మాకు.

పండిన కొద్దీ మందు మందగించింది. సాహెబ్ మాత్రం మందుని అనుమానించలేదు. జబ్బు ముదిరిందనుకున్నాడు. నొక్కు మీద నొక్కు పెంచాడు. ఈ ఏడు కాయ కల్లాల్లోకి దిగాక ఇక లెక్కే లేదు. ఆయన చేతులు అలిసిపోతే జైతున్‌బీ నొక్కేది. ఆవిడ ఏ మాటా నొక్కి చెప్పే మనిషి కాదు, మొగుణ్ణి నొక్కి బతికించే మనిషి. రాత్రిళ్ళు ఆయన కూర్చునే నిద్రపోవాలి, ఆవిడ కూర్చునే మేలుకోవాలి. పగలు చూస్తే కుడిచెయ్యి ఒళ్ళో పడేసుకుని ఎడంచేత్తో పొయ్యి ఎగదోస్తుండేది. ఏమైందమ్మా చేతికి అని ఒకసారి అడిగాను.

“హారన్ కొట్టీ కొట్టీ డ్రైవరుకి అలుపొచ్చిందన్నా” అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు.

ఆ పొద్దున అత్తరు సీసా అడుగంటింది. మిరపతొక్కు రంగులో ఉన్న ఆఖరి చుక్కలు కూడా పోసి కొట్టారు. కూత తగ్గలేదు. అప్పుడే జైతున్‌బీ గోడ మీంచి కేకేసింది, అప్పుడే మేం గిన్నెలతో ఊడిపడ్డాం.

“కొత్త సీసా ఉందిగా!” అన్నాను. ముందురోజు ట్యూబుల కోసం గుంటూరు వెళ్ళి, వస్తూ వస్తూ నేనే తెచ్చిచ్చాను.

“అదింకా... పండలేదురా” అన్నాడు సాహెబ్, మాటకో ఊపిరి చొప్పున.

“అది పండేలోగా నువ్వు రాలిపోయేట్టున్నావ్!” అని అరిచాడు బుల్లయ్య. ఆ ఒక్క మాటా అతనికి సరిగ్గా ఎలా వినబడిందో తెలియదు.

జైతున్‌బీ కొత్త సీసా మూత తీసి మందు గాజు బుర్రలో పోసింది. బొత్తిగా రంగు లేదు. సాహెబ్ దాన్ని చూసి, అంత ఆయాసంలోనూ పెదవి విరిచాడు.

“పండిందే అన్ని నొక్కులు తింటుంటే... పచ్చిదానికి... ఇంకాసిని కావాలే. నొక్కు.”

ఆవిడ నొక్కింది. బంతి ఉస్సు ఉస్సుమంది. మొదటి నొక్కులకే కూత సన్నగిల్లింది. కానీ ఆయన వేలు ఇంకా, ఇంకా అంటూనే ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని నొక్కుతూనే ఉంది. బాగా అలిసిన చెయ్యికి పనిచెయ్యడం కన్నా ఆగడమే కష్టం.

“చాలమ్మా, తగ్గినట్టుందిగా” అన్నాను.

ఆగింది. పిల్లికూత లేదు. “అమ్మయ్య” అంది కొండమ్మ.

ఆ మాట గాల్లో ఉండగానే సాహెబ్ చేతులు వణకడం మొదలైంది. మొహంలో నెత్తురు దిగిపోయి, తను తిట్టే తాలుకాయలా తెల్లబోయాడు. పల్చటి చొక్కా కింద గుండె ఎగిరెగిరి పడటం మాకందరికీ కనబడుతోంది.

“జైతూ... గుండె పరిగెడుతుందే. ఆగట్లేదే” అన్నాడు. వాంతి చేసుకుని మంచం మీద పక్కకి ఒరిగాడు.

జైతున్‌బీ తన చేతిలో బంతి వైపు చూసుకుంది. “నేనే నొక్కా” అంది, ఎవరితోనో కాదు, ఆ బంతితోనే.

నేను బయటికి పరుగెత్తాను. ఊరందరి సైకిళ్ళకీ గాలి కొట్టే నా సైకిలుకి గాలి లేదు. దాన్ని అరుగు మీదికి తోసేసి కాళ్ళనే నమ్ముకున్నాను.

ఆస్పత్రిలో దేవకుమారి గారు బల్ల మీద తల ఆనించి ఉన్నారు. తెల్లవారుజామున ఎవరికో పురుడు పోసి వచ్చారట. బయట వరండా నిండా జనం. నన్ను చూడగానే “సాహెబ్ గారికేనా? మళ్ళీ ఇంజెక్షనా?” అని సంచి అందుకున్నారు. గుండె సంగతి చెప్పేసరికి ఆవిడ కళ్ళలో నిద్ర పోయింది. “ఆ హారన్ ఎంతసేపు కొట్టారు?” అని అడిగారు. తెలియదన్నాను. చెప్పులు టపటపలాడించుకుంటూ నాకన్నా ముందు నడిచారు.

వస్తూనే మంచం పక్కన కూర్చుని మణికట్టు పట్టుకున్నారు. స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు.

“ఎన్నిసార్లు నొక్కారమ్మా?”

“లెక్కెట్టలేదమ్మగారూ. రోజూ కొట్టినట్టే కొట్టా. ఇంకాస్త ఎక్కువే” అంది జైతున్‌బీ. “ఎప్పుడూ వేసే సూది వెయ్యండమ్మగారూ, మీ కాళ్ళు మొక్కుతా.”

“వెయ్యను.”

“దాంతోనే గదమ్మా ఎప్పుడూ తగ్గేది!”

“ఆ సూదీ ఈ మందూ ఒక తల్లి బిడ్డలమ్మా. రెండూ ఊపిరిని వదులు చేస్తాయి, రెండూ గుండెని అదిలిస్తాయి. ఇప్పటికే ఎడ్లు బెదిరి పరిగెడుతుంటే ఇంకో కొరడా దెబ్బ వెయ్యమంటావా? బండి బోల్తా పడుద్ది.”

“మరేం చేస్తారమ్మా?”

“ఏం చెయ్యను. ఆ హారన్ అవతల పెట్టండి. తలుపులు బార్లా తియ్యండి. ఈ మందు తొందరగా ఎక్కుతుంది, తొందరగానే దిగుతుంది. దిగేదాకా ఈయన గుండె ఓర్చుకోవాలి. మనమూ ఓర్చుకోవాలి.”

ఏమీ చెయ్యకుండా కూర్చోవడం అంత కష్టమైన పని ఇంకోటి ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు. డాక్టరమ్మ వేళ్ళు సాహెబ్ మణికట్టు మీదే ఉన్నాయి. జైతున్‌బీ కళ్ళు డాక్టరమ్మ మొహం మీద, మా కళ్ళు జైతున్‌బీ మీద. కొండమ్మ తన గిన్నె మూతతోనే సాహెబ్‌కి విసురుతోంది. గుమ్మం దగ్గర బుల్లయ్య గిన్నె నెత్తిన బోర్లించుకుని నిలబడ్డాడు.

“ఏమంటుందిరా డాక్టరమ్మ?” అని నన్ను అడిగాడు.

“మందు దిగేదాకా ఆగమంటోంది” అన్నాను.

“ఆగిందా?!” అని ఇల్లెగిరిపోయేట్టు కేకేశాడు.

జైతున్‌బీ నిలువునా కూలబడింది. కొండమ్మ రాగం అందుకోబోయింది.

“గుండె కాదురా, నువ్వు ఆగు!” అని నేను అతని నోరు మూశాను. “ఏయ్, ఎవరక్కడ?” అన్నారు డాక్టరమ్మ, నాడి మీద వేలు తియ్యకుండా. మంచం మీంచి సాహెబ్ సన్నగా, “ఇంకా లేదురా బుల్లయ్యా, తొందరపడమాక” అన్నాడు. ఆయన మాట మధ్యలో ఊపిరి తెగలేదు. అది ముందు డాక్టరమ్మ గమనించారు. తరవాత మేం గమనించాం.

ఆ తరవాత కూడా ఆవిడ చెయ్యి వదల్లేదు. “ఉండుండి ఒక దెబ్బ తప్పుతోంది” అనుకున్నారు తనలో తను. ఇంకొంతసేపటికి, “తప్పట్లేదు” అన్నారు. వాకిట్లో ఎండ గడప దాకా జరిగింది. సాహెబ్ చేతుల వణుకు తగ్గింది. మొహంలోకి రంగు తిరిగింది. జన్మలో మొదటిసారి ఎర్రబడినందుకు ఆయన్ని మెచ్చుకోవాలనిపించింది.

“గండం గడిచింది” అన్నారు డాక్టరమ్మ. గోడకి వీపు ఆనించి, ఒక్క నిమిషం కళ్ళు మూసుకుని తెరిచారు. “ఇప్పుడు చెప్పండి. ఒకటి రెండు నొక్కులు అని చెప్పానా లేదా? అన్నన్ని ఎందుకు పట్టాయి?”

“పచ్చి మందు గదమ్మా” అన్నాడు సాహెబ్.

“పచ్చి మందేమిటి?”

సాహెబ్ కిటికీ వైపు చూపించాడు. అత్తరు సీసా గోడకి ఎర్రటి చార ఇంకా అంటుకుని ఉంది. ఎండబెట్టడం, రంగు తిరగడం, పండటం, అంతా నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. చెప్పేటప్పుడు గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. డాక్టరమ్మ నవ్వుతారనుకున్నాను. నవ్వడానికైనా కాస్త ఓపిక కావాలిగా. ఆవిడ తెల్ల పింగాణీ సాసరు తెమ్మన్నారు. అత్తరు సీసాలో ఒక చుక్క నీళ్ళు పోసి కడిగి అందులో వంపారు, ఎర్రగా. పక్కనే కొత్త సీసాలోంచి ఒక చుక్క వేశారు, తేటగా. గుమ్మంలో ఉన్నవాళ్ళందర్నీ లోపలికి రమ్మన్నారు. గిన్నెలతో సహా వెళ్ళి చుట్టూ నిలబడ్డాం.

“అందరూ చూడండి. ఇది పండటం కాదు, చెడటం. గాలీ వెలుతురూ తగిలితే ఈ మందులో సారం చచ్చిపోయి ఇలా ఎర్రబడుతుంది. అందుకే ముదురు సీసాలో పోసి ఇస్తారు. ఇన్నాళ్ళూ ఈయన కొట్టించుకున్నది చచ్చిన మందు. అందుకే ఎంత నొక్కినా ఊపిరీ తెరుచుకోలేదు, గుండే అదరలేదు. ఇవాళ బతికున్న మందుని చచ్చినదాని లెక్కన కొట్టారు.” సాహెబ్ వైపు తిరిగారు. “మీ మాటల్లోనే చెబుతాను. ఈ సరుకులో తెలుపే మేలురకం సాహెబ్ గారూ. ఎరుపే తాలు.”

సాహెబ్ ఆ సాసరు తీసుకుని ఎండకెత్తి చూశాడు. అటు తిప్పి చూశాడు, ఇటు తిప్పి చూశాడు. ధర కట్టబోయే ముందు చూసినట్టే చూశాడు. చివరికి కింద పెట్టేశాడు.

“నా కన్నుకి తాలు అంటగట్టారు గదమ్మా” అన్నాడు.

“మిరపకాయకి మీ కన్నే. మందుకి మాత్రం నా మాట. ఇంకో సంగతి వినండి. కొత్త మందైనా సరే, రెండు నొక్కులకి తగ్గలేదంటే ఇంకా నొక్కమని కాదు అర్థం, నన్ను పిలవమని. వాగు పొంగి రోడ్డు మునిగితే బస్సువాడు నీళ్ళకి హారన్ కొడతాడా? బండి ఆపుతాడు. ఆ కల్లాల్లో తిరగడం కూడా మానేస్తే...”

“అది తప్ప ఇంకేదైనా చెప్పండమ్మా” అన్నాడు సాహెబ్. డాక్టరమ్మ ఆ మాట చాలాసార్లు విన్నట్టున్నారు, పొడిగించలేదు.

జైతున్‌బీ గోడ దగ్గర్నుంచి అంది: “నొక్కింది నేనే గదమ్మగారూ. చంపుంటే నేనే చంపేదాన్ని.”

“నీ చెయ్యి తప్పు కాదమ్మా, సీసా తప్పు. ఇన్ని నెలలూ నీ చేత ఉత్త ఎర్రనీళ్ళు కొట్టించింది.”

జైతున్‌బీ తన కుడిచెయ్యి వైపు చూసుకుంది.

“అయితే ఇక రాత్రంతా నొక్కక్కర్లేదా?”

“అక్కర్లేదు. రాత్రంతా నొక్కాల్సి వచ్చిందంటే అది నీ పని కాదు, నా పని. తలుపు కొట్టించు, వస్తాను.”

“అక్కర్లేదంట” అంది జైతున్‌బీ మొగుడితో, ఆయన వినలేదేమో అన్నట్టు. ఆ మాట అంటూ అంటూనే గోడకి జారగిలబడి, కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కూర్చున్నపళంగా నిద్రపోయింది. నిద్రలో కూడా వేళ్ళు రెండుసార్లు ముడుచుకుని తెరుచుకున్నాయి. తరవాత ఆగాయి.

సాహెబ్ కొత్త సీసాకి మూత బిగించాడు. ఎండలో పెట్టబోయి, నాలిక్కరుచుకుని, నాకిచ్చాడు. దాన్ని తీసుకెళ్ళి ట్రంకుపెట్టెలో బట్టల అడుగున పెట్టాను.

డాక్టరమ్మని సాగనంపి వెనక్కి వచ్చేసరికి వాకిట్లో ఇంకో గుంపు. బుల్లయ్య కేక ఆలస్యంగా చేరిన బజారు చివరివాళ్ళు, గిన్నెలతో సహా. లోపల ఏం జరిగిందని బుల్లయ్య నన్నడిగాడు. చెవి దగ్గర నోరు పెట్టి, తలా తోకా రెండూ వినబడేట్టు మొత్తం చెప్పాను. అతను శ్రద్ధగా విని, అరుగెక్కాడు.

“వినండర్రా! సాహెబు మందు ఎర్రబడితే పండినట్టు కాదంట, చెడినట్టంట! తేటగా ఉంటేనే మంచి సరుకంట! ఇన్నాళ్ళూ చెడింది కొట్టీ కొట్టీ, ఇయ్యాల మంచిది కూడా అట్టాగే కొట్టేశారు. గుండె అదిరిపోయింది, బతికాడు. ఒకటో రెండో నొక్కి ఆగాలంట. తగ్గకపోతే డాక్టరమ్మని పిలవాలంట. అంతేగాని హారన్ కొట్టినట్టు కొట్టకూడదంట!”

ఒక్క మాట పొల్లుపోలేదు. అందరూ తలలూపారు.

“అంతా బాగానే ఉంది, మరి పాయసం సంగతేంది బుల్లయ్యా?” అంది వెనకనుంచి ఒకావిడ.

బుల్లయ్య నెత్తి మీది గిన్నె తీసి చంకలో పెట్టుకున్నాడు. లోపలికి ఒకసారి తొంగి చూశాడు. ఎన్నేళ్ళుగానో మా బజార్లో ఎవరూ వినని గొంతుతో, నెమ్మదిగా అన్నాడు:

“పాయసం కాదు తల్లీ, ఆయాసం. నేనే తప్పు విన్నా. ఆయమ్మికి ఇప్పుడే కునుకు పట్టింది. గిన్నెలు మోగించకుండా పోండి.”